కాంపౌండర్ తాత వెనక్కి తీసుకున్న మాట

జమ్మలమడుగులో మా పక్కింటి కాంపౌండర్ తాత పోయి పదకొండు రోజులైంది. నిన్న ఆయన దినం. ఫొటో ముందు విస్తరి వేసి, ఆయనకిష్టమని కోడికూర వడ్డించారు. పంక్తిలో నేను దాన్ని ముట్టలేదు. "కాలేజీకి పోయొచ్చినాక దీనికి మన కూడు కంటికి ఆనడంల్యా" అంది మా అమ్మ, అందరూ వినేలా. అది కాదని చెప్పబోతే ఎవరూ వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తాత పశువుల ఆసుపత్రిలో పనిచేశారు. ఈ వైపు ఫారాల తెల్లకోళ్లు వచ్చిన కొత్తల్లో, వాటి నీళ్లలో పసుపురంగు మందుపొడి కలపడం ఇంటింటికీ నేర్పింది ఆయనే. "రోగం వచ్చినాక ఏడ్చేదెందుకు? దినామూ రవ్వంత కలపండి" అనేవారు. కోళ్లు బతికాయి. జనం దండం పెట్టారు.

కొన్నేళ్లకు ఆ పొడి పనిచేయడం మానేసింది. ఇంకొకరైతే మందును తిట్టి ఊరుకునేవారు. తాత సైకిలెక్కి, తాను నేర్పిన ఇళ్లకే మళ్లీ బయల్దేరారు. నాకు సైకిలు నేర్పిందీ ఆయనే. పడితే లేపేవారు కాదు. ఒకసారి మైలవరం దాకా నేనూ వెంట తొక్కాను. అక్కడ కోళ్లు పెంచే ఒకాయన ఇంటి ముందు తాత సైకిలు దిగారు.

"రోగం లేని కోడికి మందు పోయొద్దప్పా. దినామూ తాగితే లోపలుండే రోగం పురుగు ఆ మందుకు మొండికేస్తాది. కోడిని కోస్తే అది మనింట్లోకే వస్తాది."

"పొయ్యమన్నది నువ్వే గదా మామా?" కోళ్లాయన నవ్వాడు.

"నేనే. తప్పు జెప్పినా. ఇప్పుడు గూడా నేనే చెప్తాండా."

మా ఇంటికొస్తే నేరుగా వంటింట్లోకే. "కోడిని కోసిన పీట మీదే ఎర్రగడ్డలు తరుగుతాండావా కోడలా? కూర ఉడుకుతాది సరే, పీట యాడ ఉడుకుతాది?" అంటూ మసిలే నీళ్లు తనే పోసేవారు. చాదస్తమని మా అమ్మ గొణిగేది.

చివరికి ఆయనకే విరేచనాలు, జ్వరం. ప్రొద్దుటూరు డాక్టరు రెండుసార్లు మందు మార్చినా లొంగలేదు. "కోడి నుంచే వచ్చిందని చెప్పలేను పాపా, రుజువు ల్యా" అన్నారు తాత నాతో. "అయినా మందు వద్దన్న నా మాట సగం ఊర్లకే చేరింది."

నిన్నటి కోళ్లు ఆయన కొడుకు దొడ్డివే. నిన్న పొద్దున వాటి నీళ్లతొట్టి చూశాను, పసుపుగా ఉంది. ఉడికిన కూరకు నేను భయపడలేదు. ఆయన వెనక్కి తీసుకున్న మాటను ఆయన విస్తట్లోనే వడ్డిస్తే నాకు ముట్టబుద్ధి కాలేదు.

సైకిలు ఇంకా వాళ్ల గోడకే ఆనించి ఉంది. తాత భార్యను అడిగాను, తీసుకోమంది. చక్రాలకు గాలి కొట్టాను.

సోమవారం నుంచి మిగతా ఊర్లకు నేను పోతాను.