గోధుమ నూకల సీమంతం

వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. దేశమంతటా తిండిగింజలకు కటకట. మద్రాసు తొండియార్‌పేటలో మా వీధి రేషన్ షాపులో బియ్యం పేరుకు మాత్రం ఇచ్చి, మిగతాదంతా గోధుమలు కొలిచేవాళ్ళు. మా ఆయనది హార్బరులో మూటలు మోసే పని. ఏది పెట్టినా తినేవాడు. మా అత్త మాత్రం గోధుమ ముట్టేది కాదు.

"అది జొరమొచ్చినోళ్ళు తినేది మే. నాకొద్దు," అని ఇంత గంజి తాగి పడుకునేది. రోజురోజుకూ చిక్కిపోతుంటే నాకు భయమేసింది.

రొట్టెలు చేయబోతే అట్టముక్కల్లా వచ్చాయి. పక్కవాటాలో యుద్ధకాలంలో రంగూన్ నుంచి తిరిగొచ్చిన ఒక అక్క ఉండేది. నా అవస్థ చూసి, గోధుమలు దోరగా వేయించి తిరగలిలో నూక పట్టడం నేర్పింది. ఆ నూక ఉడికిస్తే పొడిపొడిగా అన్నంలాగే వచ్చింది. అత్త దాని వంక కూడా చూడలేదు.

అంతలో నాకు ఏడో నెల వచ్చింది. సీమంతానికి పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం పెట్టాలి. బియ్యమెక్కడివి?

"వద్దులే అమ్మే, మానేద్దాం. పిలిచి ఏం పెట్టేది?" అని అత్త కళ్ళొత్తుకుంది.

"నూకతోనే కలుపుదాం అత్తా. అందరిండ్లలో అదే కదా తింటా ఉండేది," అన్నాను.

"నలుగురూ నవ్వుతారు," అంది. కానీ మర్నాడు నేను లేచేసరికి తిరగలి ముందు కూర్చుని ఉంది. "నువ్వు వొంగబాకు. నేను ఇసురుతా," అంది.

పులిహోరకు పోపు తనే పెట్టింది. ఇంగువ వాసనకే వీధిలో ఆడవాళ్ళంతా ముందుగా వచ్చేశారు. గాజులు తొడిగి, పాటలు పాడి, ఆకుల ముందు కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. ఎదురింటి అరవావిడ పులిహోర రెండోసారి అడిగి వేయించుకుని, ఎలా చేశారో చెప్పమని అత్త వెంటపడింది. ఎప్పుడూ నూక ముట్టని మా అత్త, ఎన్నాళ్ళనుంచో వండుతున్నట్టు వివరంగా చెప్పింది!

అందరూ వెళ్ళాక ఆకేసి అత్తను కూర్చోబెట్టాను. ఈసారి కాదనలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది.

"ఉప్పు రవ్వంత తగ్గింది," అంది. "ఇంకొంచెం ఎయ్యి."

ఆ వారం రేషన్ షాపుకు అత్తే సంచి పట్టుకుని వెళ్ళింది.