సి-షిఫ్టు నాయకుడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నేను చెప్పుకుంటున్నది కాదు, మా టెన్త్ పిల్లలు ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్నది. బ్యాచులు మారతాయి కానీ ఆ మాట మాత్రం పాత నోట్సులతో పాటే కొత్త పిల్లలకి అందిపోతుంది. పొద్దున్నే పెందుర్తిలో బస్సెక్కి, గాజువాక దాకా ఒంటికాలి మీద నిలబడి దిగేసరికి నాకు సగం కోపం వచ్చే ఉంటుంది. మిగతా సగం పిల్లలు సమకూరుస్తారు.

నేను తెలుగు చెబుతాను. పోయినేడాది ఓ పద్యభాగం చెబుతూ చెబుతూ, సిలబస్‌లో లేని సంగతిలోకి దిగిపోయాను. కావ్యాల్లో నాయకులు నాలుగు రకాలు. దిగితే దిగాను, బోర్డంతా నింపేశాను. గంభీరంగా ఉండి, అందరి బరువూ మోస్తూ, గొప్పలు చెప్పుకోనివాడు ధీరోదాత్తుడు. పౌరుషం, కోపం, నోటి దురుసు ఎక్కువైనవాడు ధీరోద్ధతుడు. ఆటపాటలతో సరదాగా, ఏ చింతా లేకుండా గడిపేవాడు ధీరలలితుడు. నెమ్మదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అననివాడు ధీరశాంతుడు.

"పరీక్షలో వస్తాదా మేడమ్?" అన్నారు వెనక బెంచీల వాళ్ళు.

"రాదు."

"మరెందుకు మేడమ్?"

"నాకిష్టం కాబట్టి. నోరు మూసుకుని రాసుకోండి."

రాసుకున్నారు. తర్వాత పావుగంట క్లాసంతా సంతే! సినిమా హీరోలందర్నీ లాక్కొచ్చి ధీరోద్ధతుల్లో పడేశారు. ఎందుకురా అంటే, అందరూ అరుస్తారు కదా మేడమ్ అన్నారు. ధీరశాంతుడికి ఒక్క హీరో కూడా దొరకలేదు. నాకు భలే హుషారొచ్చింది. ఆ హుషారులోనే హోంవర్కు ఇచ్చాను. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోండి, వారం రోజులు గమనించండి, ఏ రకమో, ఎందుకో ఒక పేజీ రాసుకురండి. అమ్మా అమ్మమ్మా అయినా పరవాలేదు.

వారం తర్వాత కాగితాలొచ్చాయి. ఒకడు సబ్బవరంలో ఉండే వాళ్ళ నాయనమ్మని ధీరోద్ధతురాల్ని చేశాడు, ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళ కారుని చీపురుతో తరిమిందట. ఒకమ్మాయి ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే బాబాయిని ధీరశాంతుడంది, మిషను మోతకి ఆయనకి ఎవరేమన్నా వినపడదట. చదువుతూ స్టాఫ్‌రూంలో ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను.

అప్పుడొచ్చింది రెండో బెంచీ అమ్మాయి కాగితం. ఆ పిల్ల మాట పెగలదు కానీ అక్షరాలు మాత్రం ముత్యాలు. తండ్రి స్టీలు ప్లాంటులో పని చేస్తాడు. మొదటి వాక్యం చూశాను. "మా నాన్న నాలుగు రకాలూ." చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఏ ఒక్కటీ ఎంచుకునే ఓపిక లేక, నేను బోర్డు మీద రాసిందంతా దించేసిందనుకున్నాను. రెండో వాక్యం చదివితే నా సొమ్మేం పోయేది? చదవలేదు. పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టి, "ఒక్క మనిషి నాలుగు రకాలు ఎలా అవుతాడు? ఒకటి ఎంచుకుని మళ్ళీ రాయి" అని రాసి, క్లాసులో అందరి ముందూ బల్ల మీద పడేశాను. ఆ పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

మర్నాడు మళ్ళీ రాసుకొచ్చింది. "మా నాన్న ధీరోద్ధతుడు." అబ్బ, ఏం రాసిందీ! కుక్కరు మూడో కూత పెట్టిందని ఆయన మంచం మీంచి లేచి, దాన్ని అలాగే తీసుకెళ్ళి వీధి గుమ్మంలో పెట్టేశాడట. వాళ్ళమ్మ పచ్చడి రుబ్బుకోవాలంటే పక్కింటికి వెళ్తుందట. కూరగాయల బండివాడు వాళ్ళ వీధి మలుపులోనే మైకు ఆపేసి, ఇల్లు దాటాక మళ్ళీ పెడతాడట. పొట్ట పట్టుకుని నవ్వాను. పదికి పది వేసి, శనివారం తల్లిదండ్రుల మీటింగుకని క్లాసు గోడ మీద అంటించిన కాగితాల్లో దాన్నే నట్టనడుమ పెట్టాను.

శనివారం నేను బడికి వెళ్ళేసరికే ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంది. మొహం పీక్కుపోయింది.

"మేడమ్, నా కాగితం తీసేయండి మేడమ్. మా నాన్న వత్తన్నాడు."

"వస్తే రానీ. మంచిదే కదా?"

"ఎప్పుడూ రాలేదు మేడమ్. ఒకటో తరగతి నుంచీ అమ్మే వత్తాది. ఈసారి నానే రమ్మన్నాను, పదో తరగతి కదా అని. డ్యూటీ దిగి సరాసరి వత్తన్నాడు. గోడ మీద అది సూత్తే ఇంకెప్పుడూ రాడు మేడమ్."

నాకు చురుక్కుమంది. చురుక్కుమంటే నాకు ముందు కోపమే వస్తుంది, ఏం చేయను. "నువ్వు రాసింది అబద్ధమా? నిజమే కదా!" అన్నాను.

"నిజమే మేడమ్. కానీ అది సి-షిఫ్టు వారం నిజం."

ఆ మాటకి అలాగే నిలబడిపోయాను. సి-షిఫ్టంటే రాత్రి డ్యూటీ, అంతవరకూ తెలుసు. మా నాన్న పోర్టులో గుమాస్తా. తొమ్మిదింటికి వెళ్ళి ఐదింటికి వచ్చేవాడు. ఆయన కోపమైనా సరదా అయినా ఏడాది పొడుగునా ఒకేలా ఉండేవి. షిఫ్టుల ఇల్లు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఇన్నేళ్ళూ ఆ ఇళ్ళ పిల్లలకే పాఠాలు చెప్పాను. తలుపుకి తువ్వాలు వేలాడుతోందంటే లోపల రాత్రి డ్యూటీ మనిషి నిద్రపోతున్నాడని అర్థమట, ఆ సంగతి కూడా తర్వాత ఆ పిల్ల చెబితేనే తెలిసింది.

"నీ మొదటి కాగితం ఏదీ?"

సంచిలోనే ఉంది. నా ఎర్రగీతతో సహా, నాలుగు మడతల్లో. అది చేత్తో పట్టుకుని క్లాసులోకి పరుగెత్తాను. ఈ ఒంటితో నేను పరుగెత్తడం మా పిల్లలు ఈమధ్య కాలంలో చూడలేదు.

అప్పటికే ఆయన వెనక గేటులోంచి వచ్చి గోడ ముందు ఉన్నాడు. ప్లాంటు బూట్లు, నలిగిన చొక్కా, నిద్రలేని ఎర్రటి కళ్ళు. వేలితో వరస వెంట వరస చదువుతున్నాడు. చుట్టూ ఉన్న తల్లులు పక్కకి జరిగి చూస్తున్నారు. ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది. ఈ మనిషి ఇప్పుడు కుక్కర్ని పెట్టినట్టు నన్నూ వీధిలో పెడతాడనే అనుకున్నాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటేనే బావుండేది. మెల్లిగా నా వైపు తిరిగి, "మేడమ్‌గారూ, ధీరోద్ధతుడంటే ఏటండి?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. గొప్ప వీరుడండీ అనేస్తే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ పక్కన ఆ పిల్ల ఉంది, నిజం రాసి బాధపడుతున్న పిల్ల. "ధైర్యం ఉంటుందండీ. దానికి తోడు కోపం కూడా ఎక్కువ ఉంటుంది" అన్నాను.

ఆయన తలాడించాడు. కూతుర్ని చూశాడు. "నానింట్లో ఇలాగే ఉంటానేటమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి.

"ఆగండి," అన్నాను నేను. "మీ అమ్మాయి ముందు రాసింది ఇది కాదు. ఇదీ."

మడతలు విప్పి పైకి చదివాను. నేనూ అప్పుడే చదువుతున్నాను, ఆ సిగ్గు ఇంకా నాతోనే ఉంది.

"మా నాన్న నాలుగు రకాలూ. సి-షిఫ్టు వారం ధీరోద్ధతుడు. పగలు నిద్ర పట్టక అరుస్తాడు, లేచాక అమ్మ దగ్గరికెళ్ళి ఏమీ అనకుండా ఉల్లిపాయలు కోసిపెడతాడు. ఎ-షిఫ్టు వారం ధీరశాంతుడు. మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చుని నా సైకిలు చైను తుడుస్తాడు, నేను ఏం చెప్పినా ఊఁ కొడతాడు. బి-షిఫ్టు వారం ధీరలలితుడు. పొద్దున్నే చేపలు తెచ్చి, పాటలు పాడుకుంటూ పులుసు పెడతాడు, ఆ వారం నాకు రెండు జడలూ నాన్నే వేస్తాడు, ఒకటి పైకి ఒకటి కిందకి వస్తాయి, అయినా విప్పను. ఆఫ్ రోజు ధీరోదాత్తుడు. వీధిలో ఎవరి మోటారు పాడైనా, ఎవరికి ఆసుపత్రి అయినా నాన్న కోసమే వస్తారు, ఆ రోజు నాన్న మాకు దొరకడు. నాకు నాలుగు రకాలూ కావాలి."

క్లాసులో ఒక తల్లి ముక్కు చీదింది. ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహమంతా గట్టిగా తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు. తర్వాత కూతురి జడ పట్టుకుని చిన్నగా లాగాడు.

"మా గుంట ఇన్ని సూసిందా!" అన్నాడు. ఇక్కడి వాళ్ళు ఆడపిల్లని ముద్దుగా అలాగే అంటారు.

కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎర్రగీత దగ్గర వేలు ఆగింది.

"మరి ఇది ఎవులు కొట్టేసినారండి?"

దొరికిపోయాను. "నేనేనండీ. మొదటి వాక్యం చదివి కొట్టేశాను. మిగతాది చదవలేదు. తప్పు నాది" అన్నాను. పిల్లల ముందు, తల్లుల ముందు, నా ఉద్యోగంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. గోడ మీద కాగితం పీకేసి, ఆయన చేతిలోది తీసుకుని ఎర్రగీత మీదే పదికి పది వేశాను.

ఆయన వంగి ఆ మార్కులు చూశాడు. ఎర్రబడ్డ ఆ కళ్ళ కింద మీసం కదిలింది.

"నాకు తెలీక అడుగుతన్నాను మేడమ్‌గారూ, ఏటనుకోకండి. ఇది కొట్టేసినప్పుడు తమరిది ఏ షిఫ్టు?"

ముందు నవ్వింది ఆ పిల్ల. అంత గొంతు ఉందని నాకు తెలియనే తెలియదు. వెంటనే చేత్తో నోరు మూసుకుని, భయం భయంగా నా ముక్కు కేసి చూసింది.

"సి-షిఫ్టేనండీ," అన్నాను.