పట్టు దిండు చేసిన పుండు

ఆ రోజు నా కాలి చెప్పు ఎక్కడ ఊడిపోయిందో నాకు తెలియలేదు. ధర్మవరంలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉన్న కొట్టుకు వెళ్లి, జరీ తీసుకుని వచ్చాను. గడపలో అడుగు పెట్టగానే మగ్గం మీద ఉన్న అమ్మ తలెత్తి చూసింది.

"ఒక కాలికే చెప్పుండాది. రెండోది యాడ పారేసినావే?"

కిందికి చూసుకున్నాను. నిజమే. ఎడమ కాలికి చెప్పు లేదు, అరికాలి నిండా మట్టి ఉంది. వెనక్కి వెళ్లి వెతికితే మురుగుకాలువ పక్కన దొరికింది. చెప్పు ఊడిపోయినా తెలియనంత పరధ్యానమా అని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల నడుమ మాట ఇది. నాయన, అమ్మ, నేను ముగ్గురం పట్టుచీరలు నేసేవాళ్లం. నాకు నడుం నొప్పి అంతకు చాలా నెలల ముందే మొదలైంది. కానీ మా వీధిలో నడుం నొప్పి లేనిదెవరికి? మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం మగ్గం మీదికి వంగి కూర్చునేవాళ్లం, మాకది రోగం కింద లెక్కే కాదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. వీధి చివరి డాక్టర్ నా వీపు మీద చెయ్యి కూడా వేయకుండా "నేసేవాళ్లకు ఇది మామూలే" అని సూది పొడిచి పంపాడు. ఆ తర్వాత చెప్పు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మగ్గం తొక్కే చెక్క మీద నా కాలు ఉందో లేదో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియకుండా పోయింది. ఒక ఉదయం గుంతలోంచి లేవబోతే కాళ్లు రాలేదు. నాయన చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు.

హిందూపురంలో ఎముకల డాక్టర్ ఎక్స్‌రేను లైటుకు పెట్టి, మా నాయన వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తాంటిరప్పా? రెండు వర్టిబ్రాలు, అదే వెన్నుపూసలు, తినేసినాది రోగం. ఇట్నుంచి ఇట్లే బెంగళూరు పోండి, ఎమ్మారై తీయించాల."

బెంగళూరులో పెద్దాసుపత్రి. ఎమ్మారై చూసిన డాక్టర్ "టీబీ స్పైన్, వెన్నుకు పట్టిన టీబీ. కార్డ్ కంప్రెషన్ ఉంది, వెన్నుపాము నలుగుతోంది" అన్నాడు. నాకు దగ్గే లేదు కదా సార్ అంటే, "టీబీ ఊపిరితిత్తులకే రావాలని రూలేం లేదమ్మా" అన్నాడు. ఆపరేషన్ చేసి వెన్నులో చీము తీశారు. నడుస్తానా అని అడిగినప్పుడల్లా "వెయిట్ అండ్ సీ" అన్నారు. వెయిట్ చేశాను. కాళ్లు తిరిగి రాలేదు. నడుం కింద గిల్లినా తెలియదు, కాల్చినా తెలియదు. దానికి ప్యారాప్లీజియా అని పేరు పెట్టి, మూత్రానికి కాథెటర్ గొట్టం, సంచి తగిలించి ఇంటికి పంపారు.

ఇంక చూడండి మా ఇంటికి వచ్చిన జనాన్ని! టీబీ మందులకు మూత్రం నారింజ రంగులో వచ్చేది. మంచం పక్కన వేలాడే ఆ సంచిని చూడ్డానికే వచ్చినట్టు దాన్నే చూసేవాళ్లు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "అయ్యో పాపం" అనేవాళ్లు. ముక్కు మూసుకుని చూపించే జాలి ఏం జాలో నాకు అర్థం కాలేదు. మా పెద్దమ్మ ఒకరోజు గడప అవతలే నిలబడి, "లోటా యేరే పెట్టినారా ఈ పాపకు?" అని అరిచింది. నేను తాగి పెట్టిన లోటాలోనే అమ్మ నీళ్లు పోసుకుని ఆమె ముందర తాగింది. పెద్దమ్మ మళ్లీ రాలేదు. పీడ పోయింది.

అయినా వాళ్లనే అనడమెందుకు? అందరికంటే ఎక్కువ రోత నాకే. స్నానం చేయించేటప్పుడు కళ్లు మూసుకునేదాన్ని. నడుం కింద ఉన్నది నాది కాదనుకున్నాను. అమ్మ కూడా దుప్పటి కిందే చేయి పెట్టి తుడిచేది. మేము దాన్ని మర్యాద అనుకున్నాం.

మందుల కోర్సు అయ్యాక హిందూపురంలో ఫిజియోథెరపీకి తిరిగాను. అక్కడే ఖాదర్ సార్ పరిచయమయ్యాడు. పెనుకొండలో స్కూలు డ్రిల్ మాస్టర్. పక్షవాతం వచ్చిన వాళ్లమ్మను తీసుకొచ్చేవాడు. నేను కడ్డీలు పట్టుకుని ఒంటిని పైకి లేపుతుంటే చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"చేతుల్లో బలముండాది పాపా నీకు. డిస్కస్ యేస్తావా?"

"కాళ్లు లేనోళ్లు ఏసే ఆటనా సార్ అది?"

"కూర్చోని యేసేది ఉండాదిలే. కుర్చీకి బెల్టులతో కట్టేస్తారు. ఒక చేత్తో కడ్డీ పట్టుకునేది, ఇంకో చేత్తో ఇసిరేది. అంతే."

డిస్కస్ అంటే అంచుకు ఇనుప పట్టీ వేసిన చెక్క బిళ్ల, కిలో బరువు. మొదటిసారి విసిరితే నా కుర్చీ కాళ్ల దగ్గరే పడింది. ఖాదర్ సార్ పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. రోగం వచ్చాక నన్ను చూసి "పాపం" అనకుండా నవ్విన మొదటి మనిషి ఆయనే. ఇంకోసారి విసిరాను. ఈసారి బిళ్ల గాల్లో తిరుగుతూ దూరంగా పోయింది. నా ఒంటితో నాకు నచ్చిన పని ఒకటి జరిగి ఎన్నాళ్లయిందో! ఆ రోజు నుంచి నా పట్టుదలంతా దాని మీదే.

హిందూపురం వెల్డింగ్ షాపులో ఇనుప యాంగిళ్లతో త్రోయింగ్ చెయిర్ చేయించాం. వారంలో సగం రోజులు నాయన నన్ను ప్యాసింజర్ రైలెక్కించి పెనుకొండ తీసుకెళ్లేవాడు. మగ్గం ఆపుకుని వచ్చేవాడు పాపం. విసురు రోజురోజుకూ పెరిగింది. హిందూపురంలో జరిగే వికలాంగుల ఆటల మీట్‌కు ఖాదర్ సార్ నా పేరిచ్చాడు. అంతవరకూ నేను కూర్చున్నది కొబ్బరిపీచు కుక్కిన గోనెసంచి మీద. మీట్ సంగతి తెలియగానే అమ్మ దాన్ని తీసి అవతల పడేసింది.

"అంతమంది ముందర నా బిడ్డ గోనెపట్ట మింద కూర్చుంటాదా? పట్టుచీరలు నేసే ఇల్లు ఇది!"

తన పెళ్లి చీరలోంచి మిగిలిన పట్టుముక్కతో దిండు కుట్టింది. వెడల్పు జరీ అంచులు రెండూ కలిపి నడిమధ్యన కుట్టు వేసింది. జరీ కనిపించాలి కదా, అందుకని పైకే పెట్టింది. ఎండలో పెడితే ధగధగా మెరిసేది. మా వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నేను దాని మీద కూర్చుని విసరడం మొదలుపెట్టాను. విసిరిన ప్రతిసారీ ఒళ్లంతా మెలి తిరుగుతుంది. బెల్టులు తొడల్ని కదలనివ్వవు కాబట్టి రాపిడంతా పిర్రల కిందే. జరీ అంటే లోహపు తీగ చుట్టిన దారం, దాని మీద దట్టమైన కుట్టు. స్పర్శ ఉన్న మనిషి అయితే ఒక పూట కూడా కూర్చోలేడు. నేను నెలల తరబడి కూర్చున్నాను.

తర్వాత ఇంట్లో వాసన మొదలైంది. మూత్రం సంచి అనుకుని నాయన మార్చాడు. ఎలుక చచ్చిందేమోనని మగ్గం గుంతలో వెతికాడు. అమ్మ పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేసింది. నాకు చలితో జ్వరం వస్తే వీధి చివరి డాక్టర్ మళ్లీ చెయ్యి వేయకుండానే "యూరిన్ ఇన్ఫెక్షన్" అని బిళ్లలు రాశాడు. చీము వాసన వస్తున్న మనిషిని ఒక్కసారి పక్కకు తిప్పి చూద్దామని ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి తోచలేదు. థూ!

అదే జ్వరంతో మీట్‌కు వెళ్లాను. అక్కడ బల్ల వెనక కూర్చున్న డాక్టర్ నేను దగ్గరికి రాగానే జేబురుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. "ప్యారాప్లీజియా కదా, ఫిట్, ఫిట్" అని సంతకం గీకాడు. ఆడవాళ్ల డిస్కస్‌కు వచ్చింది ముగ్గురమే. ఆ పక్కనే ఉన్న ఆఫీసర్ నా మీద దయ తలచి, "ఎందుకమ్మా ఆయాసపడతావు? యేసినా యేయకున్నా నీకు మెడల్ గ్యారంటీ" అన్నాడు. ఇన్ని నెలల నా చేతుల కష్టాన్ని ఆ మనిషి ఒక్క మాటతో బిచ్చం కింద మార్చేశాడు. పళ్లు బిగబట్టి ఉన్న బలమంతా పెట్టి విసిరాను. మూడో స్థానం. ముగ్గురిలో మూడోది! మెడల్ వేసిన నాయకుడు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఫోటో తీసే క్షణానికి మాత్రం చెయ్యి దించి నవ్వాడు.

బెల్టులు విప్పి నాయన నన్ను ఎత్తుకున్నాడు. దిండు కూడా నాతోపాటే పైకి లేచింది. అతుక్కుపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. ఒక్క మనిషి మాత్రం కాళ్లకు కట్టుకున్న ఇనుప కాలిపర్లు టకటకలాడించుకుంటూ ముందుకొచ్చింది. చిలమత్తూరు నుంచి వచ్చిన గంగమ్మక్క, పోలియో ఉన్న మనిషి, ఆ రోజు నన్ను ఓడించి రెండో స్థానం తెచ్చుకున్నది.

"యేమప్పా, అట్ల నిలబడి చూస్తాండారు? బోర్లా పండబెట్టండి!" అని గదిమింది. తనే కింద కూర్చుని, నీళ్లు పోసి తడిపి, దిండును మెల్లగా ఊడదీసింది. ముక్కు మూసుకోలేదు. చూసింది. చూసి, "ఎముక కనపడతాంది. ఆసుపత్రికి పోండి" అని నాయనతో అంది.

గ్రేడ్ ఫోర్ ప్రెజర్ సోర్, అంటే ఒత్తిడికి పడి ఎముక దాకా దిగిన పుండు. ఆస్టియోమైలైటిస్, అంటే ఎముకకు కూడా చీము పట్టింది. బెంగళూరు డాక్టర్ "ఇంకో వారమైతే సెప్టిక్ అయ్యి పోయేది" అన్నాడు. తర్వాత అమ్మను అడిగాడు, "వాసన రాలేదా మీకు?"

"వచ్చింది సార్. సాంబ్రాణి యేసినాను."

దేని మీద కూర్చునేది అని అడిగితే అమ్మ సంచిలోంచి దిండు తీసి ఇచ్చింది. డాక్టర్ నడిమి కుట్టు మీద బొటనవేలితో రాసి చూశాడు. గరుకుకు ఎర్రబడిన వేలిని అమ్మకు చూపించాడు. అమ్మ గోడకు ఆనుకుని కింద కూలబడింది. "నేనే కదే నిన్ను సంపుకుంటాంటి" అని తల బాదుకుంది. నాకు అమ్మ మీద కోపం రాలేదు. ఆమె ప్రేమతో కుట్టింది, తెలియక కుట్టింది. నాకు కోపమంతా జేబురుమాళ్ల మీద.

డిబ్రైడ్‌మెంట్‌కు మత్తు కూడా అక్కర్లేదన్నారు, స్పర్శ లేదు కదా. కుళ్లిన మాంసం కత్తిరిస్తుంటే కత్తెర చప్పుడు వింటూ పడుకున్నాను. తర్వాత ఫ్లాప్ సర్జరీ, అంటే పక్క కండను తిప్పి పుండు మీద కప్పడం. కుట్లు ఒకసారి విడిపోయాయి, మళ్లీ వేశారు. నెలల తరబడి బోర్లా పడుకుని గచ్చును చూస్తూ ఉన్నాను. ఇక కూర్చోలేనేమో, డిస్కస్ మాట మరిచిపోవాలేమో అని భయం. ఒకరోజు డ్రెస్సింగ్ చేసే సిస్టర్ నా చేతికి అద్దం ఇచ్చింది.

"పుండు నీది. చూసుకో."

"నాకు రోత సిస్టర్."

"అందరూ రోతపడితే ఇంక చూసేదెవరమ్మా?"

చూశాను. వాంతి చేసుకున్నాను. మర్నాడు మళ్లీ చూశాను. కొన్నాళ్లకు ఎర్రటి కొత్త కండ అంచుల నుంచి పెరుగుతూ కనిపించింది. నా ఒంట్లో ఆ భాగం నాదేనని అప్పుడు ఒప్పుకున్నాను.

కోలుకున్నాక ఖాదర్ సార్ మళ్లీ బెల్టులు బిగించాడు. ఈసారి అమ్మ మెత్తటి ఫోమ్‌కు పాత నూలు చీర గుడ్డ తొడిగింది. కుట్టంతా అడుగుకు, పైన ఒక్క ముడి కూడా లేదు. ఎవరూ చూసి మెచ్చుకునేట్టు లేదు అది. పెనుకొండలో జరిగిన మీట్‌లో ఆడవాళ్లం నలుగురం పోటీపడ్డాం. నాకు నాలుగో స్థానం వచ్చింది, కానీ నా బిళ్ల హిందూపురంలో కంటే చాలా దూరం పడింది. పతకం రాలేదు. గ్యారంటీ లేని పోటీలో ఓడిపోవడం ఎంత బాగుందో! రైలులో నాయనతో చెప్పి చెప్పి నవ్వాను.

ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని మగ్గం కండెలకు పట్టు దారం చుడుతున్నాను. చేతులు ఊరుకోవు కాబట్టి అప్పుడప్పుడూ పెనుకొండ వెళ్లి విసిరి వస్తాను. గంగమ్మక్క కూడా వస్తుంది, ఇప్పటికీ ఓడిస్తుంది.

స్పర్శ పోయిన వాళ్లకూ, వాళ్లను చూసుకునే వాళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. అద్దం కొనుక్కోండి. రోజూ స్నానం కాగానే పిర్రలు, మడమలు, వెన్ను కింద చూసుకోండి. చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పోకుండా ఉంటే ఆ చోట బరువు వేయకండి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి, తిప్పి చూసే డాక్టర్‌కు. వాసన వస్తే సాంబ్రాణి వేయకండి, దుప్పటి తీయండి.

నా అద్దం మంచం కోడుకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని కట్టింది హిందూపురంలో నాకిచ్చిన మెడల్ రిబ్బన్‌తోనే. మెడల్ బిళ్లను పాత ఇనుముకు వేసేశాం. రిబ్బన్ గట్టిది, పనికొచ్చింది.