ఖలీల్ చేసిన వైరింగ్

2022లో నగరం అంచున జల్‌పల్లిలో కొత్త కాలనీలు లేస్తున్నాయి. పాతబస్తీలో నాకు చిన్న ఆఫీసు, గోడ మీద ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్. అదేమీ తేలిగ్గా రాదు. సూపర్‌వైజర్ పర్మిట్ ఉండాలి, పరీక్ష చేసే పరికరాలు సొంతంగా ఉండాలి. కొత్త ఇంటికి మీటర్ రావాలంటే, వైరింగ్ సరిగ్గా ఉందని నాలాంటివాడు కంప్లీషన్ రిపోర్టు మీద సంతకం పెట్టాలి.

పనులు మాత్రం బార్కస్‌లో ఉండే ఖలీల్‌కు దొరికేవి. అతని దగ్గరున్నది వైర్‌మన్ పర్మిట్ ఒక్కటే, అంటే ఒకరి కింద పనిచేయడానికి అనుమతి. అయినా ఏ గల్లీలో ఫ్యూజు పోయినా అతన్నే పిలిచేవాళ్లు. నా బోర్డు కింద నిలబడి నన్నే అతని నంబరు అడిగినవాళ్లున్నారు. కడుపు మండిపోయేది.

ఒకరోజు ఖలీల్ మరియమ్మ అనే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ప్రభుత్వాసుపత్రిలో ఆయా. జల్‌పల్లిలో రెండు గదులు కట్టుకుంది, వైరింగంతా అతనే చేశాడు.

"అన్నా, జర సంతకం పెట్టు" అన్నాడు. ఇక్కడ అదే వాడుక. లైసెన్స్ లేనివాడు పనిచేస్తాడు, ఉన్నవాడు ఇల్లు చూడకుండానే సంతకం చేస్తాడు.

"కిరాయి ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలె సార్. మీటర్ లేకుంటే మోటర్ నడువది, నీళ్లు రావు. పిల్లల్ని తీస్కొని యాడికి పోవాలె?" అంది మరియమ్మ.

"ఇల్లు చూసినంకనే పెడ్త" అన్నాను. బాధ్యతతో కాదు, ఖలీల్ పనిలో తప్పు పట్టాలని.

మెగ్గర్ పట్టుకుని వెళ్లాను. వైర్ల తొడుగు దాటి కరెంటు లీకవుతోందా అని చూసే మీటరది. ప్రతి స్విచ్‌బోర్డూ విప్పించాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, నాకు చిరాకెత్తింది. చివరికి ఇంటి వెనక దొరికింది. ఎర్తింగ్‌కు గుంత తవ్వకుండా తీగను బోరు పైపుకు చుట్టేశాడు. ఎక్కడైనా షార్టయితే ఆ పైపు ముట్టుకున్నవాళ్లకు షాకే. నిజం చెప్పాలంటే, నాకు పండగలా అనిపించింది.

"ఏంది భాయ్ ఇది? పిల్లలు నీళ్లు పట్టుకునే పైపు గదా" అన్నాను, మరియమ్మకు వినపడేలా.

ఖలీల్ వంగి తీగ విప్పడం మొదలెట్టాడు. "గలతీ హోగయీ అన్నా, తప్పయింది. అందరం గిట్లనే కడ్తం."

ఆమె అతన్ని వెళ్లగొట్టి, మిగతా పని నాకిస్తుందనుకున్నాను. మరియమ్మ మాత్రం ఖలీల్‌తో, "భాయ్, పక్కింట్ల గడ్డపార ఉంది, తెస్త. తవ్వు" అంది.

మర్నాటికి ఖలీల్ గుంత తవ్వి, ఎర్తింగ్ తీగను పైపు నుంచి అందులోకి మార్చాడు. మళ్లీ పరీక్షించి సంతకం పెట్టాను. నెలాఖరు లోపే వాళ్లు ఇల్లు మారారు.

"ఇల్లు అయిపోయినంక గూడ గుంత తవ్విండు, మస్తు నిజాయితీ" అని కాలనీలో ఇప్పుడు ఖలీల్ పేరే. తప్పు పట్టిన నా పేరు ఒక్కరికీ గుర్తులేదు. ఇప్పటికీ మండుతుంది.

కానీ లైసెన్స్ దేనికో ఆ పైపు దగ్గరే తెలిసింది. అప్పటి నుంచి ఎవరు సంతకానికి వచ్చినా, ఆ వైరింగ్ ఖలీల్ చేసిందే అనుకుని, తప్పు పట్టాలన్న అదే కసితో ఇల్లంతా పరీక్షిస్తున్నాను.