పదును కోసం ఆగిన అర బస్తా

పచ్చయ్యప్పది నేత ఇల్లు. తిరుత్తణి పక్కన ఎకరా మెట్ట కూడా ఉండేది గానీ, దాన్ని ఎప్పుడూ కౌలుకే ఇచ్చేవాడు. డెబ్బై నాలుగులో నూలు సరిగా దొరక్క మగ్గం ఆగిపోతుంటే, ఆ చేలో తానే రాగి వేశాడు. బావి లేదు, వానే దిక్కు. ఇంట్లో ఆరుగురు. ఆ ఏటి సంకటి అందులోంచే రావాలి.

ఎరువుకు కరువు రోజులు. తిరగ్గా తిరగ్గా ఒక యూరియా బస్తా దొరికింది. విత్తిన ఇరవై ఒకటో రోజున చల్లమని గ్రామసేవకుడు చెప్పిపోయాడు. పచ్చయ్యప్ప వేళ్ళమీద లెక్కపెట్టి సరిగ్గా ఆ పొద్దునే చల్లడం మొదలుపెట్టాడు. సగం చేను అయ్యేసరికి సొసైటీలో నూలు ఇస్తున్నారని కబురొచ్చింది. బస్తా మూతి కట్టేసి పరుగెత్తాడు.

నూలు తెచ్చి, తడిపి, రంగు వేసి, ఐదు రోజులకు చేనుకు వెళ్ళి చూస్తే, చల్లిన తెల్ల గుళికలు కనబడలేదు, ఎండకు ఆవిరైపోయినట్టున్నాయి. పైరు మాత్రం పసుపుగానే ఉంది. నేల బుగ్గిలా పొడిగా ఉంది. ఎండు నూలు చిలపను రంగులో ముంచితే మచ్చలు మచ్చలుగా పడుతుంది, ముందు నీళ్ళు తాగించాలి. పైరుకూ అంతేనేమో అనుకున్నాడు. వాన పడి నేల తడిసేదాకా మిగిలిన సగం చల్లనన్నాడు.

పక్క చేను పొన్నుస్వామి మొత్తం చల్లేశాడు. పచ్చయ్యప్ప భార్య సరసమ్మకు అదే గుబులు.

"నేలేమన్నా నూలు చిలపనా? పైరు ముదిరినాక యాడ పెడతావు ఆ ఎరువు, మగ్గానికా?"

"ఎండిన దాంట్లో ఏం పోసినా పట్టదే. పదును రానీ."

వారం గడిచింది. పొన్నుస్వామి వచ్చి, వాడనిది తనకిమ్మని అడిగి పోయాడు. పచ్చయ్యప్ప ఇవ్వలేదు గానీ, అన్నం సరిగా తినలేదు.

ముప్పై మూడో రోజు సాయంత్రం వాన పడింది. తెల్లారగానే మొగుడూ పెళ్ళాం సాళ్ళ వెంట యూరియా చల్లి, కొంకితో గీరి మట్టి కప్పారు. పది రోజులకు ఆ సగం నల్లపచ్చగా తిరిగింది. మొదటి సగం కూడా కాస్త తేరుకుంది, అంతే.

నూర్చితే మొదటి సగం రెండున్నర బస్తాలు, రెండోది నాలుగు. సంకటి ఆరు నెలలు వచ్చింది. ఆ తరవాత రేషను బియ్యమే.

"మొత్తం నిలిపింటే ఇంకో నెలన్నర వచ్చిండును," అన్నది సరసమ్మ.