నా జవాబు నాతోనే దిద్దించిన పిల్ల

పద్మారావు నగర్‌ల మా పైవాటాలో ఒక పిల్ల అద్దెకుండేది. జనం ప్రశ్నలడిగి జవాబులు రాసుకునే ఒక సైటులో, ఒకరి జవాబుకు ఇంకొకరు సూచించిన దిద్దుబాట్లను సరిచూసేది. ప్రతిదీ రెండుసార్లు పైకి చదివి, "ఇది రాసినవాళ్ళ మాటేనా?" అని తనను తానే అడుక్కునేది. పనిలేని పని, కరెంటు దండగ అనుకున్న.

పసిబిడ్డ దగ్గుకు తేనె నాకించమని ఆ సైటుల నేను రాసిన. ఎవరో దాన్ని "తేనె వద్దు" అని మార్చబోయిన్రు. ఆ పిల్ల ఆ మార్పును ఒప్పుకోక, జవాబు మీద నా పేరు చూసి చెప్పుల్లేకుండా మెట్లు దిగొచ్చింది.

"మామ్మగారూ, ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమండీ. డాక్టర్లు వద్దంటారు."

"మరి వాళ్ళు దిద్దుతుంటే నువ్వెందుకు ఆపినవ్?"

"మీరనని మాట మీ పేరు కింద ఉండకూడదు కదండీ. మీరే మార్చండి, ఇప్పుడే."

"నలుగురిని పెంచిన, నాకే చెప్తున్నవా?" అని గద్దించిన. ఆమె నా ఫోను తీసి నా చేతుల పెట్టింది.

నా నాలుగో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కొట్టిన: "ఏడాదిలోపు బిడ్డకు తేనె పెట్టొద్దు. ముందు నేను తప్పు చెప్పిన."

సాయంత్రం ఎవరో తల్లి కింద రాసింది: "చెంచాలో పోసిన తేనె పారబోసిన. అమ్మమ్మా, దండాలు."

ఆ పిల్ల ఇప్పుడు కాప్రాలో ఉంటది. ఆ దండాలు ఆమెకు చెందాల్సినవి.