క్యాసెట్టు రెండో వైపు

నిన్న ఉదయం సింగపూర్‌లో, టోవా పాయోలో మా బ్లాకు కింద, పెద్దవాళ్ళకు ఫోను పాఠాలు చెప్పే చోట, నన్ను నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. పాఠాలు చెప్పే చైనీస్ అమ్మాయి, నా మనవరాలి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, నా భుజం మీద చెయ్యి వేసి, ఈ ఆంటీ ఎంత అదృష్టవంతురాలో చూడండి, మోసగాళ్ళు ఫోనులోకి దూరినా ఒక్క డాలరు కూడా పోలేదు అని ఒకసారి ఇంగ్లీషులోనూ ఇంకోసారి తమ భాషలోనూ చెప్పింది. పక్క కుర్చీలో ముసలావిడ నా చెయ్యి పట్టుకుని ఊపింది. నేనూ పళ్ళికిలించాను. ఏమీ పోలేదట, నా మొహం! ఏం పోయిందో చెప్పాలంటే వినేవాళ్ళకు క్యాసెట్టు అంటే ఏమిటో తెలిసి ఉండాలి. అందుకని ఆ పిల్లతో వాదం పెట్టుకోకుండా పైకి వచ్చేసి, ఇవాళ మీతో చెప్పుకుంటున్నాను.

మాది మలేసియాలో, పేరాక్‌లో ఒక రబ్బరు తోట. తాతల నాడు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళం కనుక ఇంట్లో తెలుగే, కాకపోతే అందులో అరవం కొంత, మలాయ్ కొంత కలిసి, ఈమధ్య ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు వింటే ముసిముసిగా నవ్వుకునే తెలుగు. తోటలో రేకుల షెడ్డు కింద ఒక మాస్టారు అక్షరాలు దిద్దించేవారు. చిన్నదాన్ని గనుక నన్ను ఆ బడికి పంపారు, అక్క పెద్దది గనుక తెల్లవారకుండానే అమ్మ వెంట రబ్బరు పాల బకెట్లు మోయడానికి పోయేది. అలా నాకు నాలుగు అక్షరం ముక్కలు అబ్బాయి, దానికి అబ్బలేదు. ఎప్పుడైనా నేను ఆ మాట ఎత్తి నొచ్చుకుంటే, నీకు చదువుంటే నాకు నోరుంది లేవే అని నవ్వేసేది, అది నిజం కూడాను.

ఇరవై నిండకుండానే సింగపూర్‌లో పని దొరికి వచ్చేశాను. టేపు రికార్డర్లు బిగించే ఫ్యాక్టరీ. మీలో అందరూ వాటిని వాడే ఉంటారు కానీ లోపల ఏముంటుందో చూసి ఉండరు. రికార్డు చేసేటప్పుడు టేపు ముందుగా ఒక చిన్న ముక్క పక్కనుంచి పోతుంది, అది పాత మాటలను తుడిచేస్తుంది, ఆ తరువాతే రెండో ముక్క కొత్త మాటలను ఎక్కిస్తుంది. ఆ తుడిచే ముక్కకు తీగలు అతికించడమే నా పని. చైనీస్ పిల్లలు, మలాయ్ పిల్లలు, మన పిల్లలు వరసగా కూర్చుని, టంకం పొగకు కళ్ళు నలుపుకుంటూ, సూపర్వైజరమ్మ అటు తిరిగినప్పుడల్లా ఎవరి భాషలో వాళ్ళు ఆమెను ఆడిపోసుకుంటూ, ఎంత సుఖంగా ఉన్నామో అప్పుడు తెలియలేదు. పెట్టె మీద గీతలు పడి అమ్మకానికి పనికిరాని మిషన్లను పనివాళ్ళకే చవకగా ఇచ్చేవారు. నేను రెండు తీసుకుని ఒకటి తోటకు పంపాను.

అప్పటి నుంచి మా ఇంట్లో క్యాసెట్టే ఉత్తరం. మరి కాగితం మీద రాస్తే అమ్మకూ అక్కకూ ఎవరో చదివి పెట్టాలి, ఇంటి గుట్టు తోట కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్ళన్నిటికీ తెలియాలి. ఉన్నది ఒకే ఒక క్యాసెట్టు. మొదటి వైపు భజన పాటలుండేవి, వాటి జోలికి ఎవరూ పోకూడదు, పాపం తగులుతుంది. రెండో వైపు మా మాటలు. అమ్మా అక్కా మాట్లాడి ఇటు వచ్చే మనిషి చేతికిస్తే నాకు చేరేది, నేను విని, వెనక్కి తిప్పి, వాళ్ళ మాటల మీదనే నా జవాబు ఎక్కించి అటు పోయే మనిషి చేతికి ఇచ్చేదాన్ని. ఇంకో క్యాసెట్టు కొంటానంటే అమ్మ ఒప్పుకుంటేనా! "పాత మాటలు దాసుకుని ఏటి సేస్తావే, పచ్చడి పెట్టుకుంతావా?" అని ఆ క్యాసెట్టులోనే కసురుకుంది. ఆ కసురు మీద కూడా నా జవాబు ఎక్కించే ఉంటాను.

అమ్మ మాట్లాడే తీరు చెబితే మీకు నవ్వొస్తుంది. సింగపూర్ దాకా వినపడాలి కదా అన్నట్టు మిషన్‌కు నోరు ఆనించి అరిచేది. ఒక ప్రశ్న అడిగి ఆగేది. ఒంట్లో బాగున్నాదా అని, నేను ఎదురుగా కూర్చున్నట్టే, జవాబు చెప్పేంత సేపు ఊరుకుని, సరే అయితే అని తరువాతి మాటకు పోయేది. ఆమె ఊరుకున్న చోట కోళ్ళు కొక్కరించడం, అక్క గిన్నెలు సర్దడం వినిపించేవి. ఇక్కడ అద్దె గదిలో మంచం మీద కూర్చుని ఆ ఖాళీలో నేను బాగున్నానమ్మా అని పైకే అనేదాన్ని. గదిలో ఉండే పిల్లలు నాకు పిచ్చి పట్టిందనుకునేవారు.

అమ్మ పోయిన కబురు వచ్చేనాటికి క్యాసెట్టు నా దగ్గరే ఉంది. జవాబు ఎక్కించేసి, అటు పోయే మనిషి కోసం చూస్తున్నాను. ఇప్పటికీ అది నా బీరువాలో చీరల కింద ఉంది. మొదటి వైపు పాటలు చెక్కు చెదరలేదు, ఇవాళ ఏ ఫోనునడిగినా చిటికెలో పాడే పాటలే అవి. రెండో వైపు నేనున్నాను, అమ్మ వినని వాన కబురూ, బియ్యం కబురూ చెబుతూ.

అందుకే అక్కకు ఫోను వచ్చి, అది అక్షరాల గొడవ లేకుండా మాటలు పంపడం నేర్చుకున్నాక నా ఆనందం ఇంతా అంతా కాదు. ఇందులో ఒక మాట మీద ఇంకో మాట ఎక్కదు, అన్నీ వరసగా నిలిచి ఉంటాయి! రోజూ పొద్దున్నే కాఫీ వేళకు అక్క గొంతు వచ్చేది. "ఏటే, మాకాన్ అయిందా?" అని మొదలు. మలాయ్ వాళ్ళు తిండిని ఏమంటారో మేమూ అదే అంటాం. అడిగి, అచ్చం అమ్మలాగానే ఆగేది. నేను ఇక్కడ అయిందక్కా అనేదాన్ని, ఆ తరువాత అది కోడలి మీద చాడీలో, మోకాళ్ళ నొప్పులో, అంగట్లో చేపల కబుర్లో అందుకునేది. నిరుడు షుగరు ముదిరి అక్క పోయింది. దాని ఫోను కొడుకు దుకాణంలో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు, వాడిననేదేముంది, అందరూ చేసే పనే. నా ఫోనులో మాత్రం అక్క ఉంది. రోజుకొక్క మాట పెట్టుకుని, అది ఆగిన చోట జవాబు చెప్పి, కాఫీ తాగేదాన్ని. మనిషి పోయిందని ఒప్పుకోవలసిన అవసరం నాకు రాలేదు.

ఇక ఈ ఊళ్ళో మోసాల భయం మీకు తెలియంది కాదు. గోడల మీద బొమ్మలు, లిఫ్టులో కాగితాలు, కూతురు ఒక పక్క, అల్లుడు ఒక పక్క, ఏదీ నొక్కకు, ఎవరికీ కార్డు నెంబరు ఇవ్వకు అని ఒకటే పోరు. అల్లుడు గుంటూరు వాడు, చాంగీ బిజినెస్ పార్కులో కంప్యూటరు ఉద్యోగం, అతని మాట నాకు వేదం. నా ఫోనేమో, దాచడానికి చోటు చాలడం లేదు, ఇంకొంచెం చోటు కొనుక్కోండి అని వారానికొకసారి అడిగేది. కార్డు నెంబరు అడుగుతోంది గనుక ఇది దొంగదే అని తీర్మానించుకుని ప్రతిసారీ వద్దు అనే నొక్కాను. నిజంగా నా మేలు కోరి అడిగింది అదొక్కటేనట, ఆ సంగతి తరువాత తెలిసింది.

అక్క పోయి ఏడాది నిండే రోజు దాని పేరు చెప్పి నలుగురికి అన్నం పెడదామనుకున్నాను. దానికి గోంగూర పచ్చడి ప్రాణం. తోటలో లైను ఇళ్ళ వెనక బుట్టలకు బుట్టలు కోసుకునేవాళ్ళం, ఇక్కడ వాడిపోయిన కట్ట దొరికితే అదే మహాప్రసాదం. సరిగ్గా అప్పుడే ఫోనులో ప్రకటన, ఈ ఊరి చివర క్రాంజీ తోటలో కోసిన గోంగూర, లేత ఆకు, ఇంటికే తెచ్చిస్తామని. రాసినతను ఎంతో మర్యాదగా ఆంటీ ఆంటీ అంటూ, ఆర్డరు ఇవ్వాలంటే మా యాప్ పెట్టుకోండి అన్నాడు. లింకులు నొక్కకూడదని తెలుసు, తెలియక కాదు. దొంగ వెధవలకు గోంగూర సంగతి ఎలా తెలుస్తుంది, ఎవరో మనవాళ్ళే అనుకున్నాను. నొక్కేశాను. ఇంటి ముందు తలుపుకు మూడు తాళాలు వేసుకుని పెరటి తలుపు నా చేత్తో నేనే తీశాను.

ఫోను దానంతట అదే వెలుగుతూ ఆరుతూ తెరల మీద తెరలు తిప్పేస్తుంటే కేక పెట్టాను. ఆరోజు అల్లుడు ఇంట్లోనే ఉండబట్టి బ్యాంకుకు ఫోన్ చేసి అన్నీ ఆపించాడు. ఇక ఫోనులో ఉన్నదంతా తుడిచేస్తే తప్ప ఆ దొంగ పోడన్నాడు. ఫోటోలన్నీ నా దగ్గరున్నాయి, తొందరగా కానివ్వండి అంది కూతురు. అక్క మాటలు నాయనా అన్నాను నేను. "అవి బ్యాకప్‌లో ఉంటాయిలెండి అత్తయ్యా, మళ్ళీ వచ్చేస్తాయి, మీరేం కంగారు పడకండి" అని నొక్కాడు.

రాలేదు. చోటు కొనుక్కోమని అడిగినప్పుడల్లా వద్దని నొక్కారా అత్తయ్యా, బ్యాకప్ దాచేది అక్కడే కదా అని అతను తెల్లబోయి అడిగితే, మీరే కదా నాయనా ఏదీ నొక్కొద్దన్నారు అన్నాను, ఇంకేమనను? మంచివాడు, సెలవు పెట్టి మరీ ఆ దుకాణం ఈ దుకాణం తిప్పాడు. అందరూ తల అడ్డంగా ఊపినవాళ్ళే. అక్క నెంబరు తీసి చూస్తే ఎవరిదో పెళ్ళికూతురి బొమ్మ ఉంది, నెంబరు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. మనవరాలు నా ఒళ్ళో తల పెట్టి, "అమ్మమ్మా, డబ్బంతా సేఫ్ కదా, డోంట్ క్రై లా" అని ఈ ఊరి తోకమాట తగిలించి ఓదార్చింది. ఆ పిల్ల తప్పేముంది, ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట, అదృష్టవంతురాలివని. గోంగూర లేకుండానే ఏడాది భోజనాలు జరిగిపోయాయి.

తుడిచే ముక్కలు అతికించి పొట్ట పోసుకున్నదాన్ని, చెరిగిపోవడం నాకు కొత్త కాదు. కానీ ఆ రోజుల్లో ఒక గొంతు చెరిగిందంటే దాని మీద ఇంకో మనిషి గొంతు ఎక్కినట్టు. అమ్మ గొంతును చెరిపింది నేనే, అయినా అక్కడ నా జవాబైనా ఉంది. అక్క గొంతు చెరిగిన చోట ఏమీ లేదు. చోటు చాలడం లేదని గోల పెట్టిన ఫోను ఇప్పుడు కావలసినంత ఖాళీ ఉందని చెబుతోంది. అది దేనితో నింపుకోమంటారు?

ఇవాళ పొద్దున్న కాఫీ కలుపుకుని కూర్చున్నాను. అలవాటు కొద్దీ నోటి నుంచి అయిందక్కా అని పైకే వచ్చింది. ఎవరూ అడగలేదు.